ఎవారిస్త ముక్కుకు ఆనని అచ్చు

కడిగిన సబ్బు అచ్చును ముక్కుకు ఆనించి వాసన చూడనిదే మరొకరి చేతికి ఇవ్వకపోవడం దోన్య ఎవారిస్త జబ్బు. జబ్బని సపతోకా ఊరంతా అనేది. ఆవిడ మాత్రం శుభ్రత అనేది.

ఆడవాళ్ళ సబ్బుల సంఘంలో సిలికాన్ అచ్చులు ఆవిడ సామ్రాజ్యం. సబ్బులు ఊడదీశాక గోరువెచ్చని నీళ్ళు, మెత్తటి గుడ్డ, అంతే. తెల్లటి పొర కడితే కాస్త వెనిగర్. కత్తి, పీచు, గరుకు బ్రష్షు గడప దాటి రాకూడదు. కొత్తగా చేరిన నూబియా ఒకసారి గులాబీ అచ్చు మూలన ఇరుక్కున్న సబ్బును చెంచా కొసతో గీకింది.

"చెంచా కింద పెట్టమ్మా. అది అచ్చు, మీ ఆయన వీపు కాదు," అంది ఎవారిస్త.

"కొంచెమే కదా దోన్యా!" అంది నూబియా. ఆ ఊళ్ళో పెద్దావిడలను అలాగే పిలుస్తారు.

"ఇవాళ నువ్వు పెట్టిన గీత రేపు ప్రతి గులాబీ బుగ్గ మీదా కత్తిగాటవుతుంది. గాటున్న గులాబీని నువ్వు కొంటావా?"

కడిగాక నీళ్ళు ఓడేలా బోర్లించేది. సిలికాన్‌కు దుమ్మూ పిల్లి వెంట్రుకలూ ఇట్టే అంటుకుంటాయని పైన పలచటి గుడ్డ కప్పేది. ఒకదాని మీద ఒకటి పేరిస్తే వంకరపోతాయని పసిపిల్లల్లా విడివిడిగా పడుకోబెట్టేది. ఇన్ని చేశాక కూడా పాత సబ్బు వాసన మిగిలితే ఇంటికి తీసుకుపోయి, ఓవెన్‌లో సన్నని సెగన ఉంచేది. ఒక ఆదివారం ఓవెన్‌లో కుందేళ్ళున్నాయని విని, ఆవిడ భర్త అర్నుల్ఫో ఉడికిన బంగాళాదుంపలు వడ్డించుకుని కూర్చున్నాడు. తలుపు తీస్తే నీలం రంగు కుందేలు అచ్చులు.

"ఇన్నేళ్ళ కాపురంలో నన్నొక్కసారైనా ఇంత ప్రేమగా వాసన చూశావా?" అన్నాడు పాపం.

"చూశాను. అందుకే మళ్ళీ చూడలేదు."

ఆవిడ మేనకోడలైతే యూకలిప్టస్ సబ్బు పోసే అచ్చును అడక్కుండా పట్టుకెళ్ళి, బాప్తిజం విందుకు అందులో పాల జెల్లీ చేసింది. ఫాదర్‌గారు ఒక ముక్క తిని, చాలాసేపు ఆలోచించి, "ఛాతీ తేలికపడిందమ్మా," అన్నారు. విందుకు వచ్చినవాళ్ళలో జలుబున్నవాళ్ళు రెండోసారి అడిగి వేయించుకున్నారు. ఎవారిస్త మాత్రం మేనకోడలితో నెల తిరిగేదాకా మాట్లాడలేదు.

ఇవన్నీ నూబియా నవ్వుతూ భరించేది. భరించలేనిది ఒక్కటే.

సబ్బుల్లో పరిమళాలు కలిపేది దోన్య తూలియా. ఊళ్ళో ఆవిడను 'ముక్కు' అనే పిలిచేవారు. సంఘం నిలబడిందే ఆ ముక్కు మీద. నూనె సీసాల మీది చీటీలు తడికి ఏనాడో చెరిగిపోయినా, తూలియా ఉండగా చీటీలెందుకని ఎవరూ మళ్ళీ అంటించలేదు. అంతటి మనిషి సీసా అందుకుందో లేదో, ఎవారిస్త ఎక్కడినుంచో ఊడిపడి, లాక్కుని, వాసన చూసేది.

"నా అచ్చుల్లోకి పోయేదేమిటో నాకు తెలియొద్దూ?"

ఒక్కోసారి ఆ సీసా పక్కన పడేసి ఇంకోటి తూలియా చేతిలో పెట్టేది కూడా. తూలియా పెదవులు బిగించి దాన్నే సబ్బులో ఒంపేది. పెద్దావిడకు రోజూ ఇంత అవమానమా అని నూబియాకు ఒళ్ళు మండిపోయేది. శనివారం సమావేశంలో ఎవారిస్తను పరిమళాల గదిలోకి రానివ్వకూడదని ప్రతిపాదించడానికి నిశ్చయించుకుంది. తోటివాళ్ళు చేతులెత్తుతామని మాట కూడా ఇచ్చారు.

ఆ శనివారం పొద్దున్న ఎవారిస్త పన్ను పీకించుకోవడానికి వెళ్ళింది. గది హాయిగా ఉంది. ఒక హోటలు వాళ్ళు నిమ్మగడ్డి సబ్బులు కావాలన్నారు. నూబియా కొత్త అచ్చుల పొట్లం తానే కత్తిరించింది. తూలియా ఒక సీసా మూత తీసి, కళ్ళు మూసుకుని, గుండె నిండా పీల్చింది.

"ఆహా! మంచు ఆరకముందే కోసిన నిమ్మగడ్డి!"

గదంతా లవంగం ఘాటు.

వేళాకోళమేమోనని నూబియా ఆవిడ ముఖంలోకి చూసింది.

"అవునా, కాదా?" అని అడిగింది తూలియా. సీసాను మళ్ళీ ముక్కుకు ఆనించుకుంది.

కిందటి వానల్లో తూలియా జ్వరంతో మంచం పట్టింది. ఎవారిస్త సీసాలు లాక్కోవడం మొదలుపెట్టింది ఆ తరువాతే. నూబియాకు ఇన్నాళ్ళూ తట్టని సంగతి అప్పుడు తట్టింది.

"అవును దోన్యా," అంది. తూలియా ఆ నూనె కలిపిన సబ్బు పాకాన్ని అచ్చుల్లో పోసింది.

మధ్యాహ్నం సమావేశానికి అందరూ చేరారు. సంఘం పెద్ద రోస్మిర గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఇదేమిటే, లవంగం! హోటలు వాళ్ళడిగింది నిమ్మగడ్డి కదా? తూలియా, నీ ముక్కుకేమైంది?"

తూలియా ముఖం పాలిపోయింది. అప్పుడే బుగ్గ వాచి, నోట్లో దూది కుక్కుకుని వచ్చింది ఎవారిస్త. ఒక్కసారి గాలి పీల్చింది. అచ్చుల వైపు చూసింది.

"దాన్నెందుకు అంటావు? తప్పు నాది. ఈ అచ్చుల్లో పోయినసారి లవంగం సబ్బు పోశాం. నేను సరిగా కడగలేదు. పాత వాసన ఎక్కేసింది."

రోస్మిర గుమ్మం వదిలి లోపలికి వచ్చేసింది.

"నువ్వా? కడగలేదా?" అంది రోస్మిర.

"మనిషిని కానా? బద్ధకించాను."

కొత్త అచ్చుల పొట్లం కాగితం నూబియా కాలి దగ్గరే పడి ఉంది. మెల్లగా బల్ల కిందికి తోసేసింది.

"సరే కానీ, నూబియా, నువ్వేదో ప్రతిపాదిస్తానన్నావు?" అంది రోస్మిర.

నూబియా లేచి నిలబడింది.

"దోన్య ఎవారిస్త ఒక్కరివల్ల కావడం లేదని ఇప్పుడే చూశాం కదా. ఇకనుంచి ఆవిడ పక్కన నేనూ ఉంటాను. అచ్చుల్లోకి పోయే ప్రతి సీసా ఇద్దరం వాసన చూస్తాం."

మాట ఇచ్చినవాళ్ళు ఎత్తాలా వద్దా అని తికమకపడి చివరికి చేతులెత్తారు. ఎవారిస్త వాచిన బుగ్గతో నూబియాను ఎగాదిగా చూసి, చెవి దగ్గరకు వంగింది.

"ముందు ఆ గోళ్ళు కత్తిరించుకో. నా అచ్చులు గీరుకుపోతాయి."

"ఒక్క పిచ్చిదాంతోనే వేగలేక చస్తుంటే ఇప్పుడు ఇద్దరా!" అని విసుక్కుంది తూలియా. లేచి గుమ్మందాకా వెళ్ళి, వెనక్కి తిరిగింది. "సోమవారం పెందలాడే తగలడండి మరి. మీరు వచ్చేదాకా నేను సీసా ముట్టను."