వదిన ఎంచుకున్న పుస్తకాలు

మా వదిన వైశాలిది దెగ్లూర్. మా బాన్సువాడలో బస్సెక్కితే రాష్ట్ర సరిహద్దు దాటాక వచ్చే ఊరు. మా అన్న పండరిని పెళ్లి చేసుకుని వచ్చేనాటికే ఆమె పదో తరగతి పాసైంది. మా ఇంట్లో అంత చదివినవాళ్లు ఎవరూ లేరు. అయితే ఆ చదువంతా మరాఠీలో. తెలుగు మాట్లాడటం ఏడాదిలో వచ్చేసింది గానీ తెలుగు అక్షరం మాత్రం ఆమెకు పట్టుబడలేదు. బస్సు బోర్డు కూడా నన్నే చదవమనేది. నాది ఆరో తరగతితో ఆగిన చదువు. బడి మానిపించి బీడీల చేట ఒళ్లో పెట్టారు. చదవడం వచ్చు. చదివినదాని అర్థం చాలాసార్లు తెలియదు.

వదినకు ఒక్కతే కూతురు, సుజన. పిల్లకు పుట్టినప్పటి నుంచీ దమ్ము, అదే ఉబ్బసం. కోతల కాలం వస్తే చాలు, ఛాతీలో పిల్లి కూర్చున్నట్టు గురగురమనేది. బడికి పోవాలంటే రైస్ మిల్లుల ముందు నుంచే దారి. ఆ ఊక దుమ్ములో నడిచి బడికి చేరేసరికి పిల్ల పెదాలు నీలంగా మారేవి. మా అన్న కూడా మిల్లులోనే హమాలీ. ఇంటికి రాగానే బట్టలు బయటే విప్పి, స్నానం చేసి లోపలికి రావాలని వదిన నియమం పెట్టింది. నేను బీడీలు చుట్టేది కూడా పెరట్లో, గాలి ఇంట్లోకి కొట్టని వైపు.

ఐదో తరగతి సగంలో బడివాళ్లు సుజన పేరు కొట్టేశారు. ఆ మాట చెప్పడానికి ముత్తెన్న సార్ స్వయంగా మా ఇంటికి వచ్చాడు.

"హాజరు లేదమ్మా, నా చేతిల ఏం లేదు. ఇంట్లనే చదివియ్యుండ్రి. ఏడో తరగతి పరీక్షకు ప్రైవేటుగ నేను కట్టిపిస్త. పాసైతే హైస్కూల్ల ఎనిమిదిల కూసోబెట్టే పూచీ నాది. గా హైస్కూలు మీకు దగ్గర, మిల్లులు గూడ అడ్డం రావు."

"పాస్ గాకపోతే?" అని మా అమ్మ సావిత్రమ్మ మంచం మీద నుంచి అడిగింది.

సార్ చెప్పులు వేసుకుంటూ, "ఆడపిల్ల, వయసు దాటినంక బడికి ఎవరు తోలుతరవ్వా?" అన్నాడు.

ఇంట్లో ఉండిపోయిన పిల్ల ఎలా ఉంటుందో వదినకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఎదురుగా నేనున్నాను.

ఆ మరుసటి జూన్‌లో మా గూట్లోకి రెండు రకాల పుస్తకాలు వచ్చాయి. ఒకటి ఇక్కడి సర్కారు తెలుగు పుస్తకాలు. రెండోది దెగ్లూర్ నుంచి వదిన తమ్ముడు బస్సు కండక్టర్ చేతికిచ్చి పంపిన మరాఠీ పుస్తకాలు. వదిన రెండింటినీ పక్కపక్కన పరిచి చాలాసేపు చూసింది. మరాఠీవి ఆమె చదివి చెప్పగలదు. పరీక్ష తెలుగులో.

"తెలుగువే చెప్దాం గంగామణీ. నువ్వు చదువు, నేను సమజ్ చేయిస్త" అంది చివరికి.

మా బడి అలా మొదలైంది. నేను బీడీలు చుడుతూ, ముందున్న పీట మీద పుస్తకం తెరిచి పెట్టుకుని గట్టిగా చదివేదాన్ని. గుమ్మం లోపల కూర్చున్న వదిన బొమ్మ చూసి, తను చదువుకున్నది గుర్తు చేసుకుని, అది ఏ సంగతో పట్టుకునేది. ఒకసారి 'కిరణజన్య సంయోగక్రియ' అని చదవడానికి నా నాలుక మూడుసార్లు మెలిక పడింది.

"అగ బాయీ! ఎవరిని తిడుతున్నవే?" అంది వదిన.

"నాకేం తెలుసు వదినా, గిట్లనే రాసిండ్రు."

ఆమె పుస్తకం లాక్కుని ఆకు బొమ్మ, ఎండ బొమ్మ చూసింది. "ఇదా? ఆకు ఎండల అన్నం వండుకునుడు" అని నవ్వింది. సుజన పొయ్యి ముందు కూర్చున్న ఆకును పలక మీద గీసింది. ఆరో తరగతిలో నేను అర్థం కాకుండా వదిలేసిన పాఠాలు నాకు కూడా అప్పుడే తెలిశాయి.

కానీ ఆ పాఠం ఒక్కరోజు కూడా ఆగకుండా సాగలేదు. మా అమ్మకు షుగర్. పొద్దున్నే సూది వేయాలి. ఇన్సులిన్ సీసాను నీళ్ల కుండలో చల్లగా ఉంచాలి, కరెంటున్నా ఫ్రిజ్ ఎక్కడిది? సూదిని నీళ్లలో మరిగించాలి. సూది వేశాక అమ్మ టైముకు తినదు, తినొద్దన్నది తింటుంది. పిల్లకు ఆవిరి పట్టాలి, గోళీ వేయాలి, వీపు రుద్దాలి. వదిన లెక్క సగంలో లేచి వెళ్లేది. వచ్చేసరికి సుజన నిద్రపోయేది, లేదా దగ్గుతూ ఉండేది.

"టీచరమ్మా, పాఠం పారిపోదు గానీ జర చాయ్ పొయ్యి. చెక్కరెయ్యి, నీ చదువులెక్క సప్పగ పొయ్యకు" అనేది అమ్మ.

"చెక్కర దవాఖానల పోస్తరు అత్తమ్మా, సెలైన్ల" అని వదిన చక్కెర లేకుండానే ఇచ్చేది.

అలా ఏడాది ఈడ్చాం. ఏడో తరగతి పుస్తకాలు మొదలుపెట్టిన వానాకాలంలో అమ్మ నాట్లకు పోయింది. వద్దంటే వినలేదు. పాత వరి కొయ్య ఒకటి కాలి బొటనవేలి కింద దిగింది. తిమ్మిరి కాలు, నొప్పి తెలియలేదు. తెలిసినప్పుడు పసుపు, సున్నం కలిపి పెట్టి ఎవరికీ చూపకుండా గుడ్డ కట్టుకుంది. డాక్టరుకు చూపితే అన్నం మానిపించి రొట్టె తినమంటాడని ఆమె భయం. వాసన వస్తున్నదని సుజన చెప్పేదాకా మాకు తెలియలేదు. అప్పటికి రెండు వేళ్లు నల్లబడ్డాయి.

నిజామాబాద్ పెద్ద దవాఖానలో చేర్చుకున్నారు. ఆడవాళ్ల వార్డులో ఆడమనిషే ఉండాలి. వదిన కదిలితే సుజనకు దమ్ము వచ్చినప్పుడు చూసేవాళ్లు లేరు. కాబట్టి నేనే పోవాలి. బట్టలు సర్దుకుంటుంటే వదిన గూటి దగ్గర నిలబడి తెలుగు లెక్కల పుస్తకం తెరిచి, మూసి, మళ్లీ తెరిచింది.

"నువ్వొచ్చేదాక ఇది నాకు గోడే గదా" అంది.

తర్వాత పైవరసలో ఉన్న మరాఠీ పుస్తకాలు దించి, పైట చెంగుతో తుడిచింది. "లెక్క లెక్కనే, చెట్టు చెట్టే. ఏ భాషల చెప్పినా మారతదా? ముందు పిల్లకు పాఠం ఇగురం సమజ్ కానియ్యి. నువ్వు వచ్చినంక తెలుగుల దిద్దుకుందాం."

ఆ మాటలో తప్పేముందో అప్పుడు ఎవరికీ కనిపించలేదు.

అమ్మ వేళ్లు తీసేశారు. పుండు మానలేదు, పాదంలో సగం తీశారు. నేను దవాఖానలో ఉండగానే దసరా, దీపావళి పోయాయి. తిరిగి వచ్చేసరికి మిల్లుల్లో కొత్త వడ్లు పడుతున్నాయి. సుజన గోడకు దిండు పెట్టుకుని ఒరిగి, దమ్ము మధ్యలోనే లెక్కలు చేస్తోంది. నేను ఆశ్చర్యపోయాను. వడ్డీ లెక్కలు, కోణాలు, గుండె ఎలా కొట్టుకుంటుంది, అన్నీ చెబుతుంది. చెప్పడం తెలుగే. చేతిలో రాత మాత్రం మరాఠీ. అక్షరాల నెత్తి మీద గీత లాగుతూ చకచకా రాసేది. తెలుగులో రాయమంటే ఒక్కో అక్షరం దగ్గర ఆగి నా ముఖం చూసేది.

నేను వచ్చాక పొద్దున, సాయంత్రం తెలుగులో దిద్దించాం. కానీ అమ్మను ఇప్పుడు ఎత్తి కూర్చోబెట్టాలి, కట్టు మార్చాలి. వదిన నడుం పట్టేసింది. దిద్దింది కొద్ది, దిద్దనిది బోలెడు.

లెక్కల పరీక్ష రోజు వదిన, నేను హైస్కూలు గేటు బయట ఎండలో నిలబడ్డాం. వదిన కొంగులో పిల్ల మందు సీసా. లోపల దమ్ము రాకుంటే చాలని ఆమె మొక్కుతూ ఉంది. దమ్ము రాలేదు. సుజన అందరికంటే ముందు నవ్వుతూ వచ్చింది.

"ఆయీ, అన్నీ రాసిన! ఒక్కటి గూడ ఇడువలే."

వదిన పిల్లను రోడ్డు మీదే దగ్గరికి లాక్కుంది.

"తెలుగుల రాస్తే టైము సరిపోతలేదు ఆయీ. అందుకే మరాఠీల రాసిన. గదిల ఉన్న సార్ వచ్చి చూసిండు, ఏమన్లే. లెక్క లెక్కనే గదా?"

వదిన చేతులు పిల్ల భుజాల మీదే ఉన్నాయి. ఆమె నా వైపు చూసింది. "అవ్ బిడ్డా, మంచిగ రాసినవ్" అంది.

మిగిలిన పరీక్షలు తెలుగులోనే రాయమని చెప్పాం. రాసింది, సగం సగం.

ఫలితాల్లో సుజన పేరు లేదు. ముత్తెన్న సార్ వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. "పేపరు దిద్దెటాయనకు మరాఠీ ఏమెరుక? చదవకనే సున్నా ఏసి ఉంటడు. వచ్చే ఏడు మళ్ల కడ్దాం తీయమ్మా" అన్నాడు. వదిన తలూపింది.

ఆ ఎండాకాలం ఆమె ఎవరి మీదా కోపం చేసుకోలేదు. పొద్దున్నే నా పక్కన కూర్చుని బీడీ ఆకు కత్తిరించడం నేర్చుకుంది. అమ్మ మందులకు, పిల్ల మందులకు అన్న కూలి చాలడం లేదు. వదిన చేతులు పని మీద ఉన్నప్పుడు కట్టు మార్చే పని సుజనకు వచ్చింది. పిల్ల అది కూడా తొందరగా నేర్చింది. సూది మరిగించడం, సీసాలోంచి మందు లాగి గాలిబుడగ పోగొట్టడం, నానమ్మను కబుర్లలో పెట్టి పాత దూది ఊడదీయడం. అమ్మ ఇక పిల్లను తప్ప ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు.

"నీ కోడలు చెయ్యి రాయి, గీ పోరి చెయ్యి దూది" అని ఎదురింటి పార్వతీబాయి అమ్మతో అంటుండేది. "ఇగ దీనికి చదువెందుకు వైశాలీ? ఇంట్లనే నర్సమ్మ తయారైంది."

వదిన నవ్వేది కాదు, కాదనేది కూడా కాదు.

చలికాలంలో పరీక్షకు కట్టే రోజులు వచ్చాయి. ముత్తెన్న సార్ మాట తప్పని మనిషి. మళ్లీ వచ్చాడు. ఆ వేళకు సుజన నానమ్మ కాలు ఒళ్లో పెట్టుకుని పుండు చుట్టూ తుడుస్తోంది. అమ్మ కళ్లు మూసుకుని ఉంది. పిల్ల ఊపిరి ఈలలా వినిపిస్తోంది, కానీ చేయి ఆగడం లేదు.

"ఏమంటవమ్మా? ఈసారి పేరు రాద్దామా?" అన్నాడు సార్.

సుజన తలెత్తి తల్లిని చూసింది. వదిన ఆకు కత్తిరించడం ఆపింది. నేను ఆమె పెదాలనే చూస్తున్నాను, ఔనంటుందేమోనని.

"ఎల్లుండి అత్తమ్మను మళ్ల నిజామాబాద్ తీస్కపోవాలె సార్. ఇంకో కాలు గూడ నల్లబడుతుంది. రేపోమాపో గంగామణి పెండ్లయి పోయినంక ఇగ ఈ పనులు చూసెటోళ్లు ఎవరున్నరు?"

"అంటే ఒద్దంటవా?"

వదిన కత్తెర కింద పెట్టి, కూతురితో మెల్లగా అంది.

"దూది అయిపోయినట్టుంది బిడ్డా. లోపట ఇంకో కట్ట ఉంది, తెచ్చుకో."

సుజన నానమ్మ కాలును జాగ్రత్తగా దిండు మీద పెట్టి, లేచి లోపలికి పోయింది.