జోగులమ్మ కుంచె, దేవరాజు టైర్లు

మా అత్త జోగులమ్మ చేతికి నూనె లేని రోజు నేనీ ఇంటికి కోడలిగా వచ్చాక చూడలేదు. పొద్దున లేవగానే ముందు వేరుశనగ నూనె గిన్నె వెతుక్కుంటుంది. తలుపు కిర్రుమంటే నూనె, మగ్గం కొయ్యలు బిగుసుకుంటే నూనె, నా కూతురు వైష్ణవి జుట్టుకు నూనె. నా మడమలు పగిలితే నేను వద్దంటున్నా వినదు. మధ్యాహ్నం కాస్త నడుం వాల్చానంటే కాళ్ల దగ్గర చేరి రాసేస్తుంది. ఉలిక్కిపడి కాళ్లు లాక్కుంటే "పండుకో పిల్లా, పగిలి నెత్తురొస్తున్నది" అంటుంది. కోడలి కాళ్లు పట్టే అత్త ఉందంటే మా అక్కచెల్లెళ్లు నమ్మరు. నమ్మకపోతే పోనీ, జిడ్డంతా నా చీరకే కదా అంటేది!

గద్వాలలో మా వీధిలో పొద్దు పొడవకముందే గుంజల మధ్య పడుగు సాగదీస్తారు. చీర నేయబోయే నూలు పోగులన్నీ వీధి పొడవునా పరుచుకుంటాయి. వాటికి గంజి పట్టించి, పెద్ద కుంచెతో ఒక్క తీరుగా దువ్వి, చివర్లో నూనె చేత్తో నిమరాలి. నూనె తగలని నూలు ఎండకు పెళుసెక్కి మగ్గం మీద టప్పున తెగుతుంది. తెగితే మా ఆయన వెంకటేష్ మగ్గం గుంతలోంచే ఇల్లెగిరిపోయేలా అరుస్తాడు. అత్త దువ్విన పడుగు తెగిందని మాత్రం ఆయన ఎన్నడూ అరవలేదు. కళ్లు మసకబారినా ఆ కుంచె ఇంకొకరి చేతికివ్వదు మా అత్త.

ఆమె చిన్న కొడుకు, నా మరిది దేవరాజు, మగ్గంలో దిగనన్నాడు. కారెక్కాడు. సెకండ్ హ్యాండులో కొన్న చిన్న ఎర్ర కారు అది. చూడ్డానికి నలుగురు ఇరుక్కుని కూర్చునే బండి, తొక్కితే మాత్రం పెద్ద కార్లను దాటేసే ఇంజను. దాంట్లోనే చీరల మూటలు హైదరాబాదు షాపులకు చేర్చేవాడు, దవాఖానకు పోవలసిన వాళ్లను వనపర్తికీ మహబూబ్‌నగర్‌కూ తిప్పేవాడు. పెళ్లి చేసుకోరా అంటే బండిని చూపించి నవ్వేవాడు. ఊళ్లో ఎవరికైనా నొప్పులొచ్చినా, గుండె పట్టేసినా ముందు దేవరాజును పిలవమనేవారు. వాడి చెయ్యి మంచిదని పేరు. ఆ పేరంటే వాడికి ప్రాణం.

మొన్న వానలు మొదలయ్యే ముందు హైదరాబాదు నుంచి కొత్త టైర్లు వేయించుకొచ్చాడు. ఇలాంటి చురుకైన చిన్న కార్లకని ప్రత్యేకంగా చేస్తారట. వెడల్పుగా, మెత్తటి రబ్బరుతో, మలుపుల్లో రోడ్డును కరుచుకుంటాయట. అంతే, ఆ సాయంత్రం నుంచి మా అరుగు మీద పంచాయితీ మొదలైంది. అడ్డా మీది డ్రైవర్లు ఒక్కొక్కరే వచ్చి వంగి చూడటం, వేలితో నొక్కడం, తలో మాట అనడం. మధ్యలో నేను చాయ్‌లు పెట్టలేక చచ్చాను.

వనపర్తి రూటులో కారు తోలే చంద్రశేఖర్ బండిని ఒక చుట్టు తిప్పుకొచ్చి దిగాడు. "అన్నా, మస్తున్నయి. స్టీరింగు తిప్పుడే ఆలిశం, బండి మాటింటది. బ్రేకు కొడితే ఆడ్నే నిలవడ్తది."

"హైదరాబాద్ల సాఫ్ రోడ్ల మీద నిలవడ్తది" అన్నాడు పాండు. వీపనగండ్ల దిక్కు జీపు తోలి తోలి నడుము అరిగిన మనిషి. "మా దిక్కు తోలి చూడు. ఒక్క గుంతల పడితే రిమ్ము వంకరపోతది. టైరు పక్క ఎంత సన్నగున్నదో చూసినవా?"

"గుంతల తోలమని నిన్నెవడన్నడు?"

"గుంత లేని జాగ యాడుందో నువ్వే చూపియ్!"

దేవరాజు ఇద్దరికీ తలూపాడు. "కూసుంటే నడుము కొట్టుడు నిజమే. పెట్రోలు గూడ జర ఎక్కువ తాగుతున్నది. గని మలుపుల ధైర్యం ఉంటది పాండన్నా. వెనక పేషెంటున్నప్పుడు నాకు గదే గావాలె."

పాండు ఒప్పుకుంటాడా? చాయ్ గ్లాసు కింద పెట్టి తీర్పు చెప్పాడు. "మెత్త రబ్బరు ఇది. మన పాలమూరు ఎండకు పెళుసెక్కుతది. పెళుసెక్కితే పగుల్తది, పగిల్తే తెగుతది. రాసి పెట్టుకో."

మూలన కూర్చుని నూలు కండెలు చుడుతున్న మా అత్త చెయ్యి ఆగింది. "పగుల్తదా పాండూ?" అంది.

"పగుల్తది అవ్వా. మెత్తగున్నది గద మరి."

ఆమె మళ్లీ కండె చుట్టుకుంది. ముసలామెకు టైర్ల సంగతెందుకని అందరం నవ్వాం.

తర్వాత అమావాస్య వచ్చింది. ఆ రోజు మా దగ్గర బండి ఉన్నవాడెవడైనా దాన్ని కడిగి, పసుపు కుంకుమ పెట్టి, టైర్ల కింద నిమ్మకాయలు తొక్కించి గానీ బయటికి తీయడు. మా ఇంట్లో ఆ పని అత్తదే. మేం లేచేసరికే బండి బొట్లు పెట్టుకుని సిద్ధంగా ఉంది. వైష్ణవికి ఆ పొద్దున వనపర్తి కాలేజీలో పరీక్ష. తోడు నేనూ ఎక్కాను. సన్నగా తుంపర పడుతోంది. ఊదుబత్తి వాసన, కొబ్బరికాయ నీళ్ల వాసన బండి చుట్టూ ఇంకా పోలేదు.

ఊరి చివర పత్తి మిల్లు దగ్గర మలుపుంది. దేవరాజు ఆ మలుపులో కొన్ని వేల సార్లు తిరిగి ఉంటాడు. ఆ రోజు కూడా మామూలుగానే స్టీరింగు తిప్పాడు. బండి తిరగలేదు. నేరుగా పోయింది. వాడు మళ్లీ తిప్పాడు, ఈసారి వెనక భాగం గిరుక్కున ముందుకొచ్చింది. ముందు అద్దంలోంచి మిల్లు, చేను, లారీ మొహం, మళ్లీ మిల్లు కనిపించాయి. లారీ హారను నా చెవిలోంచే పోయినట్టయింది. కళ్లు తెరిచేసరికి ఊరి వైపు మొహం పెట్టి చేను గట్టు మీద ఆగి ఉన్నాం. వైష్ణవి నా చెయ్యి గోళ్లు దిగేలా పట్టుకుంది. నాకు నోరు పెగల్లేదు. నోరు పెగలకపోవడం, నాకు!

"నేనేం చెయ్యలే వదినా" అన్నాడు దేవరాజు. స్టీరింగు వదిలేసి చేతులు చూసుకుంటున్నాడు. "దేవుని తోడు, నేనేం చెయ్యలే."

సాయంత్రం అరుగు మీద మళ్లీ అదే పంచాయితీ. పాండు మొహం వెలిగిపోయింది, ఆ వెలుగు చూసి నాకు ఒళ్లు మండింది. "నేను చెప్పలే? షోకు టైర్లు గివి" అన్నాడు. చంద్రశేఖర్ ఊరుకోలేదు. మర్నాడు అదే బండిని, అవే టైర్లతో, అదే మలుపులో, అదే తుంపరలో తోలుకొచ్చాడు. బండి గీత గీసినట్టు తిరిగిందట.

"టైర్లు మంచియే అన్నా" అన్నాడు నేల చూస్తూ. "నీ చెయ్యే తప్పినట్టుంది."

ఆ మాట అన్నవాడు చాయ్ తాగి వెళ్లిపోయాడు. విన్నవాడు మాత్రం ఆ రోజు నుంచి బండి ముట్టలేదు. టైర్ల మీద అనుమానమైతే తీయించి పడేసేవాడు. తన చేతుల మీదే అనుమానం వస్తే ఏం పడేస్తాడు? అన్నం తింటూ తింటూ చేతులు తిప్పి చూసుకునేవాడు. నొప్పులొచ్చాయని పక్క వీధి వాళ్లు పిలిస్తే "వేరేటోళ్లను పిలువుండ్రి" అని తలుపేసుకున్నాడు. చివరికి బండి అమ్ముతానన్నాడు. తెలకపల్లి నుంచి సుధాకర్ అని ఒక సారు బుధవారం వస్తానన్నాడు.

ఆ బుధవారం పొద్దున వాకిలి ఊడుద్దామని తలుపు తీశాను. మా అత్త బండి ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చుని ఉంది. పక్కన నూనె గిన్నె, చేతిలో కుంచె. పడుగును దువ్వినట్టే, ఒక్క తీరుగా, పైనుంచి కిందికి, టైరుకు నూనె పట్టిస్తోంది. టైరు గాడుల్లోకి దిగేలా వేళ్లతో నిమురుతోంది. నా చేతిలో చీపురు జారిపోయింది.

"అత్తా! ఏం చేస్తున్నవ్?"

"పోతున్నది గద పిల్లా" అంది, తల తిప్పకుండా. "వాళ్ల దిక్కు ఎండలు ఇంకా ఎక్కువంట. పగుల్తయి."

"ఇంతకుముందు గూడ పెట్టినవా?"

"అమాసనాడు పెట్టిన. మెత్తగున్నది గద, మంచిగ తాగింది."

అక్కడే గడప మీద కూలబడ్డాను. ఆ మలుపు, ఆ లారీ మొహం, నా చేతిలో దిగిన పిల్ల గోళ్లు అన్నీ ఒక్కసారి తిరిగొచ్చాయి. చేను మట్టికీ తడి రోడ్డుకూ నూనె పోయాకే చంద్రశేఖర్ తోలి చూశాడన్నమాట. ఈమె! ప్రేమగా, దువ్వి దువ్వి, మమ్మల్ని ఆ లారీ కిందికి తోసింది ఈమె. తోశానని ఈమెకు తెలియదు. కుంచె తుడుచుకుంటూ లోపలికి పోతోంది. అరిచి చెప్పాలనిపించింది. చెబితే ఈ ముసలి ప్రాణం ఉంటుందా అనిపించింది. ఎవరూ చూడకముందే సబ్బు నీళ్లతో కడిగేసి నోరు మూసుకుందామనుకున్నాను. దేవరాజు సంగతి తర్వాత ఎలాగోలా చూడొచ్చనుకున్నాను.

బకెట్టు నింపుకుని వచ్చేసరికి సుధాకర్ సారు దిగనే దిగాడు. ఎండ ముదరకముందే పోదామని తొందరగా బయల్దేరారట. భార్య చంటిపిల్లను ఎత్తుకుని అప్పటికే మా బండి వెనక సీట్లో కూర్చుంది. సారు ముందు సీట్లో ఉన్నాడు. దేవరాజు తాళం చేతికిచ్చేశాడు.

"సారూ, ఆగుండ్రి! స్టార్టు చేయకుండ్రి!"

వీధంతా తిరిగి చూసింది. ఇంక ఎలా దాచను?

"టైర్లకు నూనె ఉన్నది" అన్నాను.

దేవరాజు వంగి టైరు మీద వేలు పెట్టాడు. వేలు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. గుమ్మంలో నిలబడ్డ తల్లి వైపు చూశాడు. "అమ్మా, అమాసనాడు గూడ పెట్టినవా?"

"పెట్టిన కొడుకా. పగుల్తయని పాండు అనలే? నీ టైర్లు తెగొద్దని పెట్టిన" అంది. ఆమె ఒక్కొక్కరి మొహం చూస్తూ వచ్చింది. వైష్ణవిని చూసింది, నన్ను చూసింది, కారులో చంటిపిల్లను చూసింది. "ఏంది? గట్ల జూస్తున్నరేంది?" అని, తనకు తనే ఆగిపోయింది. "జారింది... నేను పెట్టినందుకా?"

నేను తల ఊపాను. అబద్ధం చెప్పడానికి నాకు చేతకాలేదు.

"పిల్ల గూడ ఉండె గదనే అండ్ల" అంది. ఆ గొంతు నేనెన్నడూ వినలేదు. కొంగుతో చేతులు తుడుచుకోవడం మొదలుపెట్టింది. తుడిచిన చేతినే మళ్లీ మళ్లీ తుడుచుకుంది.

దేవరాజు మాత్రం తన చేతులు చూసుకుంటున్నాడు. "నా చెయ్యి తప్పలే అయితే" అన్నాడు మెల్లగా. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో వాడికే తెలియనట్టుంది.

సుధాకర్ సారు భార్యాబిడ్డలను దింపుకుని, మళ్లీ ఫోను చేస్తామని చెప్పి బస్టాండుకు నడిచాడు. ఇంక చేయడని అందరికీ తెలుసు. దేవరాజు బకెట్టు నా చేతిలోంచి లాక్కుని నాలుగు టైర్లూ సబ్బు పెట్టి, ఇసుక పెట్టి, మళ్లీ సబ్బు పెట్టి రుద్దాడు. అంతా అయ్యాక వెనక తలుపు తీసి పట్టుకున్నాడు.

"అమ్మా, ఎక్కు."

"నేనెక్క. నా చేతులు మంచియి గావు, నేను ముట్ట బండిని."

"నువ్వు కూసుంటేనే నేన్నడుపుత. లేకుంటే ఇయ్యాలే ఇంకొకనికి అమ్ముకుంట."

ఆమెను పట్టుకుని నేనే ఎక్కించాను. పత్తి మిల్లు మలుపు వచ్చింది. దేవరాజు స్టీరింగు తిప్పాడు. బండి మాట విన్నది. అద్దంలో వాడి కళ్లు కనిపించాయి, పాత కళ్లే. అత్త నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఆ చెయ్యి ఎండిపోయి గరుకుగా ఉంది. ఇన్నేళ్లలో అలా తగలడం అదే మొదలు.

ఆ మర్నాడు ఆమె పడుగు దగ్గరికి రాలేదు. కుంచె మా ఆయన పట్టాడు. వైష్ణవి జడ వేయమంటే "మీ అమ్మనడుగు" అంది. నూనె గిన్నె ఉన్నచోటే ఉండిపోయింది. తలుపు కిర్రుమంటోంది, ఎవరూ పట్టించుకోవడం లేదు. దేవరాజును దవాఖానకని ఎవరో పిలిస్తే వాడు పరుగెత్తాడు. ఆమె లేచి చూడను కూడా లేదు.

మధ్యాహ్నం నేను గిన్నె తెచ్చి ఆమె ముందు పెట్టాను. ఎదురుగా కూర్చుని రెండు కాళ్లూ చాపాను.

"అత్తా, మడమలు పగిలినయి. నడువస్తలేదు. జర రాయి."

"నాతోని గాదు పిల్లా. భయమైతున్నది."

"నాకు గూడ భయమే. అయినా రాయి."

ఆమె చెయ్యి గిన్నె దాకా వచ్చి ఆగింది. నేను కాళ్లు వెనక్కి లాక్కోలేదు.