కుప్పం పోవాల్సిన సంచీ

మా చిన్నప్పుడు... అంటే పలకా బలపం రోజులు కాదు లెండి. ఇరవై రెండేళ్ల వయసులో, కొత్తగా జీతం అందుకుంటున్న రోజులు. ఇప్పుడు తల్చుకుంటే అదీ చిన్నతనమే.

పుంగనూరు బస్టాండులో పొద్దున ఏడున్నరకు మదనపల్లె బస్సు. అది పూర్తిగా ఆగకముందే జనం చుట్టుముట్టేవాళ్లు. తలుపు దగ్గర తోసుకునేవాళ్లు తోసుకుంటూనే ఉండేవాళ్లు... తెలివైనవాళ్లు మాత్రం కిటికీలోంచి సీటు మీదికి ఏదో ఒకటి విసిరేవాళ్లు. తువ్వాలో, పుస్తకమో, టిఫిను సంచో... అది పడిందంటే ఆ సీటు మనదే. ఇంక ఎవరూ ముట్టేవాళ్లు కాదు.

ఆ విసరడంలో నాకు మంచి పేరుండేది. ఎడమ పక్క మూడో కిటికీ... కళ్లు మూసుకుని వేసినా గురి తప్పేది కాదు. ఒక సీటు నాకు, పక్కది సలోమికి.

సలోమి మా వీధి పిల్లే. నర్సింగు చదివి మదనపల్లెలో ఒక చిన్న క్లినిక్కులో చేసేది. నేను అక్కడే ఒక కంప్యూటర్ సెంటర్లో టైపింగు. మా అమ్మలిద్దరూ టమోటా తోటల్లో కూలికి పోయినవాళ్లు. నెల జీతం అనే మాట మా రెండిళ్లలో మాతోనే మొదలైంది. ఆ గర్వం ఇద్దరికీ కొంచెం ఎక్కువే ఉండేది, దాచుకోవడం దేనికి!

మా లోకమంతా ఆ బస్సులోనే... ఆమె డబ్బాలో సంగటి ముద్ద, నా డబ్బాలో చెనిక్కాయల ఊరిబిండి, అంటే పల్లీల పచ్చడి. సాయంత్రం తిరుగు బస్సుకు ముందు ఒక పొట్లం మసాలా బొరుగులు. చర్చిలో పాడబోయే పాటను సలోమి సన్నగా పాడుకుంటుంటే నేనూ గొంతు కలిపి, పాటంతా పాడుచేసి, మోచేత్తో పొడిపించుకునేదాన్ని.

అలాంటి సలోమికి కుప్పంలో ఒక పెద్దాసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. ఒరిజినల్ సర్టిఫికెట్లతో ఫలానా రోజు మూడు గంటల లోపల చేరాలి, లేకుంటే ఇంకొకరికి ఇచ్చేస్తాం అన్నారు. పైకి "భలే భలే" అన్నాను. లోపల మాత్రం ఏడుపొచ్చింది... పక్క సీటు ఖాళీ అయిపోతుంది కదా!

ఆ రోజు ఎక్కించడానికి నేనే వెళ్లాను. కుప్పం బస్సు, మదనపల్లె బస్సు ఒకేసారి వచ్చి పక్కపక్కనే ఆగాయి. సలోమి రెండు చేతుల్తో పెట్టె మోస్తోంది. సర్టిఫికెట్ల సంచీ నా చేతిలో పెట్టి "సీటు పట్టుమే!" అంది. పరుగెత్తాను. విసిరాను. సరిగ్గా సీటు మధ్యలో పడింది.

వెనక్కి తిరిగి చూస్తే సలోమి అవతలి బస్సు దగ్గర ఉంది...

నా చెయ్యి దాని పాటికది రోజూ వేసే కిటికీలోకే వేసేసింది. మదనపల్లె బస్సు, ఎడమ పక్క, మూడో కిటికీ! ఫుట్‌బోర్డు మీద వేలాడే జనాన్ని దాటి నేను ఎక్కేలోపే బస్సు కదిలిపోయింది. నా అరుపులు హారన్లో కలిసిపోయాయి.

సలోమి నన్ను చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేను.

"కావాలనే ఏసినావు కదమే?"

కావాలని వెయ్యలేదు, దేవుడి తోడు. కానీ ఆమె పోకూడదని అనుకోలేదా అంటే... అనుకున్నాను.

అరగంట తర్వాతి బస్సులో ఇద్దరం మదనపల్లె పోయాం. అన్నాళ్లలో మాట్లాడుకోకుండా చేసిన ప్రయాణం అదొక్కటే.

మదనపల్లె బస్టాండులో బెంచీ మీద లక్ష్మమ్మ కనబడింది. రోజూ మా బస్సులోనే కొత్తిమీర మూటతో మార్కెట్టుకు వచ్చే పెద్దామె. మా సంచీ ఆమె ఒళ్లో ఉంది. పక్కన కొత్తిమీర ఎండకు వాడిపోతోంది. మార్కెట్టు వేళ దాటిపోతున్నా కదల్లేదు.

"యాడికి పోయినారమ్మా? మీరు ఎక్కకుండా సంచి ఒక్కటే వస్తాండాదే అని నా పాణం కొట్టుకుంటాండాది!"

సలోమి సంచీ తెరిచి కాగితాలు చూసుకుంది. అన్నీ ఉన్నాయి.

"కండక్టరప్ప నన్ను ఆడ కూసోమన్యాడు. మీరు పట్టిన సీటు గదా, నేనెట్ల కూసునేది? సంచిని కూసోబెట్టి నేను నిలబడే వచ్చినా" అంది లక్ష్మమ్మ, అదేమంత విషయం కానట్టు.

సలోమి పగలబడి నవ్వింది. నవ్వుతూనే ఆమెను పట్టుకుని ఏడ్చేసింది. లక్ష్మమ్మ ఒక కొత్తిమీర కట్ట ఆమె చేతిలో పెట్టి "పో పో, బస్సు పోతాది" అని కసిరింది.

మళ్లీ పుంగనూరు మీదుగానే పోయే కుప్పం బస్సు ఎక్కాం. ఈసారి నేనూ ఎక్కాను. పుంగనూరు దాటాక చెప్పేశాను... "కావాలని ఎయ్యలేదు సలోమీ. కానీ నువ్వు పోకుంటే బాగుండు అనుకున్యా."

సలోమి డబ్బా తెరిచి సంగటి రెండు ముక్కలు చేసింది.

"ఆ సంచి దొరక్కుంటే బాగుండని నేనూ ఒక నిమిసం అనుకున్యాలే..."

మూడుకు ఇంకా పది నిమిషాలుండగా ఆసుపత్రి మెట్లెక్కింది. వాడిన ఆ కొత్తిమీర కట్టతోనే!

ఇప్పుడు సలోమి అక్కడే పెద్ద నర్సు. ఆదివారం ఆదివారం ఫోన్లో మాట్లాడుకుంటాం. లక్ష్మమ్మ లేదు... పోయి చాలా ఏళ్లైంది.

మొన్న మదనపల్లె బస్సులో కిటికీ పక్కన కూర్చుని, అలవాటుగా పక్క సీట్లో సంచీ పెట్టాను. ఉద్యోగానికి పోయే పిల్ల ఒకతె వచ్చి "ఎవురన్నా వస్తాండారా అక్కా?" అని అడిగింది.

ఒక్క క్షణం తలుపు వైపు చూశాను... తర్వాత సంచీ తీసి ఒళ్లో పెట్టుకుని "లేదమ్మా, కూసో" అన్నాను.

ఇప్పుడు ఫోన్లో నొక్కితే సీటు మనదైపోతుంది. పక్కన ఎవరు కూర్చుంటారో దిగేదాకా తెలుసుకోం. మీరు ఎవరి కోసం సీటు పట్టేవాళ్లో, వాళ్ల పేరొకటి కింద రాసిపొండి... నాకూ ఆ పేర్లు చదువుకోవాలని ఉంది.