సరిహద్దు రాయి కింది కొమ్ము

మా చ్యూలీ మేనత్తకు ఈ లోకంలో రెండే రెండు గిట్టవు. ఒకటి వెదురు తోటలో కలుపు, రెండోది పక్కతోట లౌ బావోషెంగ్. కలుపునైతే పీకి పారేసేది. బావోషెంగ్‌ను పీకడం కుదరలేదు.

వెదురుకు సిగ్గూ శరమూ ఉండవు. నేల ఎక్కడ మెత్తగా ఉంటే వేరు లోలోపలే అటు పరుగు తీస్తుంది. కూరకు తవ్వుకునే లేత మొలక, అదే కొమ్ము, ఎవరి నేలలో పైకొస్తే వాళ్లదే అన్నది మా లిన్‌ఆన్ కొండల్లో పెద్దల నాటి మాట. అత్త మట్టిని గుల్ల చేసి, పందుల పెంట వేసి, చంటిపిల్లకు పక్క పరిచినట్టు పైన వరి ఊక పరిచేది. బావోషెంగ్ తన తోటలో నిద్రపోయేవాడు. ఏళ్లు గడిచేసరికి వాళ్ల నాన్న నాటిన వెదురంతా అత్త వైపు నడిచొచ్చేసింది. అతనికి మిగిలింది గడ్డి, ఒక పడక్కుర్చీ.

"మా నాన్న వెదురంతా మింగేసి, పైగా ఊక చల్లుతున్నావా, వదినా?" అని ఒకరోజు గట్టు మీద నుంచి అరిచాడు.

"నేనేమైనా బొట్టుపెట్టి పిలిచానా? నీ గురక భరించలేక అవే పారిపోయొచ్చాయి!"

ఆ మాట అతనికి బాగా గుచ్చుకుంది. నాన్న వెదురును వెనక్కి రప్పిస్తానని ఊరందరి ముందూ ఒట్టేసి, మర్నాడే పార పట్టాడు. అత్త ఊరుకుంటుందా? అటు ఒక బుట్ట పెంట పడితే ఇటు రెండు పడేవి. గట్టుకు చెరో వైపు చతికిలబడి, చేతులతో కలుపూ, నోటితో ఒకరి పరువూ మరొకరు తీసేవాళ్లు.

వెదురు తోటను ఏడో నెలలో తవ్వి కలుపు తీస్తే బంగారం, ఎనిమిదో నెలలో తీస్తే వెండి అంటారు మావాళ్లు. సరిగ్గా ఆ బంగారు నెలలోనే అత్త వానకు జారి చీలమండ విరగ్గొట్టుకుంది. ఇక బావోషెంగ్ పంట పండినట్టే. ఆమె తోటకు గడ్డి పడితే చాలు, వెదురంతా మళ్లీ అతని గడప తొక్కుతుంది. అత్తకు ముద్ద దిగలేదు. చివరికి నా భుజం పట్టుకుని కుంటుకుంటూ తోటకు వచ్చింది.

బావోషెంగ్ ఆమె తోటలో మోకాళ్ల మీద ఉన్నాడు. పక్కన పీకిన గడ్డి కుప్ప.

"నా తోటలో నీకేం పని?"

"నీ గడ్డి గింజలు ఎగిరొచ్చి నా తోటలో పడవూ?" అన్నాడు తలెత్తకుండా. "అయినా మంచాన పడ్డ మనిషి మీద గెలిస్తే, అదీ ఒక గెలుపేనా?"

అత్త కళ్లు చెమ్మగిల్లాయి. కానీ నోరు ఊరుకోదుగా. కుప్పలోంచి గుప్పెడు గడ్డి తీసి చూసింది.

"వేళ్లన్నీ లోపలే వదిలేశావు. ఇది కలుపు తీయడమా, క్షవరమా? మళ్లీ మొదట్నుంచి తియ్యి!"

గొణుక్కుంటూనే తీశాడు.

మరుసటి వసంతంలో అన్నిటికంటే లావైన కొమ్ము సరిహద్దు రాయిని పక్కకు నెట్టి మరీ బయటికొచ్చింది.

"నీ వైపే వాలింది, నువ్వే తవ్వుకో" అంది అత్త.

"నీ ఊక తిని బలిసింది, నీదే" అన్నాడతను.

ఆ వాదన తేలేలోపు కొమ్ము కాస్తా ఇంటి కప్పంత ఎత్తు పెరిగి, కూరకు పనికిరాకుండా పోయింది. మా ఊళ్లో ఎవరి వెదురు మీద వాళ్లు ఇంటిపేరు సిరాతో రాసుకుంటారు. దాని మీద ఫాంగ్ అని మా పేరూ ఉంది, లౌ అని అతని పేరూ ఉంది. ఎవరి పేరు పైన ఉండాలన్న తగువు మాత్రం ఇంకా తేలలేదు.