మద్దెలకు ముద్ద

రవ్వట్టు కోసం నానేసిన రవ్వ వాసన తగిలితే ఇప్పటికీ తాతయ్య గుర్తొస్తాడు. నందిగామ భజనకు ఎర్రబస్సెక్కే ముందు ఆయన మద్దెల ఎడమ మూతికి తడిరవ్వ ముద్ద అంటించేవాడు. నాదం బరువుగా పలకడానికట. ఐదో తరగతితోనే బడికి దణ్ణం పెట్టిన నా బుర్రకు మాత్రం, ఆయన మద్దెలకు అన్నం పెడుతున్నట్టే ఉండేది.

"పిల్లలకి ఉప్మా లేదుగానీ దీనికి మేత కావాలి" అని నాయనమ్మ సణిగేది.

తాతయ్య పోయాక జగ్గయ్యపేటలోని మా ఇంట్లో అందరూ ఏడుస్తుంటే నాకు మద్దెల బెంగ పట్టుకుంది. తట్టి చూస్తే డొల్లగా మోగింది. పరుగున వెళ్లి నాయనమ్మ కొంగు పట్టుకున్నాను.

"మద్దెల కూడా చచ్చిపోద్దే నాయనమ్మా. దానికి ముద్ద పెట్టేవాళ్లు లేరు."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. తాతయ్య పోయాక అదే మొదటి నవ్వు.

"ఆయన పోయినా నా రవ్వ నాకు దక్కదురా" అంటూ పిడికెడు రవ్వ తడిపి, తనే అంటించింది. ఎక్కడ ఎంత అంటించాలో ఇన్నాళ్లూ సణుగుతూనే చూసి నేర్చుకుందన్నమాట. నేను తట్టాను. దుమ్మని పలికింది. హమ్మయ్య, బతికింది.

వాయించేవాళ్లు లేకపోయినా ఆవిడ అప్పుడప్పుడూ దానికి ముద్ద పెట్టేది. ఎందుకే అంటే, "నువ్వేగా ఆకలన్నావు" అని ఒకసారి తట్టి, చెవి దగ్గరగా పెట్టి వినేది.