సరోజనమ్మ మేడం అడగమన్నది

ఈ ఉదయం ఆత్మకూరులో మా ఆఫీసులో కూర్చుని ఒక ఆన్‌లైన్ పాఠం రికార్డింగు వింటున్నాను. ఇలాంటి కోర్సులు పిల్లలకు ఎంతవరకు పనికొస్తున్నాయో చూసి ఆ కోర్సులకు మార్కులు వేయడం నా ఉద్యోగం. పాఠం మధ్యలో ఎవరి ఫోన్లోంచో గొర్రెల అరుపులు వినిపించాయి. చెప్తున్న టీచరు విసుక్కుని ఆ పిల్లను మ్యూట్ చేసేసింది. సరోజనమ్మ మేడం అయితే పాఠం ఆపి, "ఎవురమ్మా అది? ఈనినాయా మీ గొర్రెలు?" అని అడిగి ఉండేవారు.

ఉదయగిరిలో నేను కొత్తగా టీచరుగా చేరినప్పుడు ఆవిడ మా బళ్ళో సోషల్ చెప్పేవారు. కరోనాకు బడి మూసేశాక ఇద్దరం కలిసి తొమ్మిదో తరగతికి ఫోన్లో పాఠాలు చెప్పాం. పాఠానికి ముందు ఆవిడ పిల్లల్ని కాసేపు ఊరికే మాట్లాడుకోనిచ్చేవారు. టైం పోతోందని నేను గింజుకుంటే, "ఒకరి మొగం ఒకరు చూసి ఎన్నాళ్ళయిందో, కానీలేమ్మా" అనేవారు.

ఆ తరగతిలో మల్లేశ్వరి అని గొర్రెలు మేపే ఇంటి పిల్ల ఉండేది. బళ్ళో పేరు పిలిస్తే తల వంచుకుని నిలబడటమే తప్ప నోరు విప్పేది కాదు. అలాంటిది, వాళ్ళ నాయన ఫోను తీసుకుని, సిగ్నల్ అందే గుట్ట మీద కూర్చుని, కెమెరా ఆపేసి గలగలా మాట్లాడటం మొదలుపెట్టింది. సోమశిల డ్యాం కింద మునిగిన ఊళ్ళవాళ్ళు ఎక్కడికి పోయారు, వాళ్ళ గొడ్లేమయ్యాయి, అన్నీ ప్రశ్నలే. "దీనికి ఇంత గొంతుండాదా!" అని తోటి పిల్లలు ఆశ్చర్యపోయారు.

బడి తెరిచారు. మల్లేశ్వరి మళ్ళీ చివరి బెంచీలో మూగగా కూర్చుంది. నాకు ప్రాణం ఉసూరుమంది.

"ఈ పిల్లకు ఫోను క్లాసే మేలు మేడం" అన్నాను.

"ఆ పిల్లని అడిగినావా?"

అడగలేదు. ఆవిడే పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని అడిగారు. మల్లేశ్వరి చున్నీ అంచు నలుపుతూ చెప్పింది.

"ఫోన్లో అయితే నన్నెవురూ చూడరు మేడం, బయం లేకుండా మాట్లాడతా. పెట్టేసినాక మాత్రం ఏడుపొస్తాది. బళ్ళో మాట్లాడలేను గానీ, పక్కన పద్మ కూర్చోనుంటాది గదా."

ఆ పిల్ల వెళ్ళాక, "మరి ఏది మేలు మేడం?" అన్నాను.

"నాకేం తెలస్తాదమ్మా! ఇన్నేళ్ళూ మాట్లాడే పిల్లకాయలే బాగుండారనుకుంటిని" అన్నారావిడ. ఆ గొంతులో అంత అయోమయం నేనెప్పుడూ వినలేదు. ఆరోజు మధ్యాహ్నం నుంచి ఆవిడ పాఠం చెప్తూ చెప్తూ చివరి బెంచీ దాకా నడిచి, మల్లేశ్వరి పక్కన కాసేపు ఊరికే కూర్చోవడం మొదలుపెట్టారు. అది మేలు చేసిందో లేదో కూడా నాకు తెలియదు.

మేడం ఇప్పుడు లేరు. 'పిల్లలు ఒకరితో ఒకరు కలిశారా' అన్నదానికి కూడా నేను ప్రతి కోర్సుకూ మార్కులు వేయాలి. ఎవరెన్నిసార్లు మాట్లాడారో కంప్యూటరే చెప్తుంది, మాట్లాడనివాళ్ళకు సున్నా. ఆ సున్నాలు వచ్చిన పిల్లలకు నేను ఫోన్ చేస్తాను. ఒకరు హాయిగా ఉందంటారు, ఒకరు ఏడుస్తారు. మొన్న అనంతసాగరం నుంచి ఒక అమ్మాయి నా గొంతు విని, "నేను ఆ క్లాసులో ఉండానని మీకెట్టా తెలిసింది మేడం?" అంది.

ఈ ఉదయం విన్న కోర్సుకు ఎన్ని మార్కులు వేయాలో నాకింకా తోచలేదు.