మనసుకు మార్కులు వేసినవాళ్లు

మా సైకాలజీ మేడం పోయారని పాత విద్యార్థుల గ్రూపులో చూశాను. అందరికంటే ముందు చేతులు జోడించిన బొమ్మ పెట్టింది మా విభాగాధిపతి. మేడం బతికుండగా ఎదురుపడితే మొహం తిప్పుకుని పోయిన పెద్దమనిషి ఆయన.

మేడంది తెలుగు సరిహద్దులోని భోపాల్‌పట్నంలో బట్టల కొట్టున్న కుటుంబం. జగదల్‌పూర్ కాలేజీలో మాకు హిందీలో పాఠం చెప్పి, వరండాలోకి రాగానే తెలుగులోకో అక్కడి ఆదివాసుల దోర్లీ భాషలోకో మారిపోయేవారు. ఎంత తప్పు జవాబు చెప్పినా "ఇంకొంచెం చెప్పు" అనేవారు.

మేం ఎమ్మే చదివేటప్పుడు విభాగాధిపతికి ఒక పరిశోధన దొరికింది. విద్యార్థుల మానసిక నమ్యత కొలవాలట. అంటే, కష్టమొస్తే మనసు విరగకుండా ఎంత వంగుతుందో చూడటం. ఎవరో ఇంగ్లీషులో రాసిన ప్రశ్నలను ఆయన హిందీ చేశారు. ఆ హిందీ ఆయనకైనా అర్థమైందో లేదో. కిష్టారం ఊరి అమ్మాయి ఒకతె ఏ ప్రశ్నకూ జవాబు రాయలేదు. సున్నా వేశారు. ఇలాంటివాళ్లను హాస్టల్ ఖాళీ చేయించి, మనసు కుదుటపడ్డాక రమ్మనాలని నివేదిక తయారుచేశారు. ఆడపిల్లను ఇంటికి తరమడానికి అన్ని డిగ్రీలు కావాలా?

నివేదిక మీద మేడం సంతకం కూడా ఉండాలి. పెట్టే ముందు ఆమె ఆ అమ్మాయిని పిలిచి, ఎందుకు రాయలేదని అడిగారు. నేను పక్కనే ఉన్నాను.

"చెడ్డ యాదులు నీకు అడ్డమా అని అడిగిండ్రు మేడం. మా అన్న జ్వరమొచ్చి పోయిండు. రోజూ యాదికొస్తడు. రావొద్దని నేనెందుకు అనుకుంట? దానికి అవునని రాయాల్నా, కాదని రాయాల్నా?"

మేడం నేరుగా విభాగాధిపతి గదికి వెళ్లి, "మీరు కొలవాలనుకున్నది ఆ పిల్ల దగ్గర నిండుగ ఉంది సార్. మీకే కనబడలే" అన్నారు. సంతకం పెట్టలేదు. నివేదిక ఆగిపోయింది, పిల్లలు హాస్టల్లోనే ఉండి చదువుకున్నారు. ఆమెది మొండితనమని ఆయన ఊరంతా చెప్పుకున్నారు. పరిశోధక విద్యార్థులను ఆమె దగ్గరినుంచి తీసేసి, రిటైరయ్యేదాకా మొదటి సంవత్సరం క్లాసులకే పరిమితం చేశారు. "నయమే, వాళ్లింకా ప్రశ్నలడుగుతరు" అనేవారు మేడం.

సంతాప సభలో ఆయనే ముఖ్య వక్త. మేడం అందరితో సర్దుకుపోయే మనిషని పొగిడారు. సిగ్గులేనివాడికి మైకు దొరికితే అంతే.

కిష్టారం అమ్మాయి నా పక్కనే కూర్చుంది. ఇప్పుడు ఎర్రబోరు వైపు బళ్లో టీచరు. వేదిక వైపు ఒక్కసారీ చూడలేదు. కళ్లనుంచి నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోలేదు. అలాగే అరటిపండు చిదుపుతూ, ఒళ్లో బిడ్డకు కొంచెం కొంచెం పెడుతోంది.